ప్రెషర్ కుక్కర్‌లో నూనె పోసి చికెన్ వేయించొచ్చా? ఎన్ని కూతలు రానివ్వాలి?

కాకినాడ కాజా:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు, పెద్దవాడు ఆరో తరగతి, చిన్నది మూడు. ఆదివారం వచ్చిందంటే బకెట్ చికెన్ కావాలని పేచీ. ఆ బకెట్‌కి పెట్టే డబ్బుతో బజార్లో రెండు కోళ్లు వస్తాయి కదా అని నేనే చేస్తానని మాటిచ్చాను, అక్కడ మొదలైంది నా టెన్షన్.

ఇప్పటికి రెండుసార్లు మూకుడులో చేశాను. మొదటిసారి పైన బొగ్గు, లోపల ఎముక దగ్గర ఇంకా ఎర్రగానే ఉంది. రెండోసారి మంట తగ్గించి నిదానంగా వేయిస్తే లోపల ఉడికింది గానీ పైన పట్టించిన పిండి సగం నూనెలోనే ఊడిపోయింది, మిగతా సగం ప్లేట్లో పెట్టగానే పంచె జారినట్టు జారిపోయింది. మా చిన్నది తిని "నాన్నా, ఇది అమ్మమ్మ చేసే కోడి పకోడీ కదా" అంది. కోడి పకోడీ అంటే నాకూ ఇష్టమే, కానీ ఆ రోజు మాత్రం ఆ మాట గుచ్చుకుంది.

మొన్న ఒక వీడియోలో ఒకాయన ప్రెషర్ కుక్కర్‌లో సగం దాకా నూనె కాచి, పిండి పట్టించిన ముక్కలు వేసి, మూత బిగించి, రెండు కూతలకి దించేశాడు. ముక్క విరిస్తే లోపల నీరు కారుతోంది, పైన కరకర చప్పుడు వినిపిస్తోంది. పెద్ద పెద్ద చికెన్ షాపుల్లో కూడా ప్రెషర్‌లోనే చేస్తారని చెప్పాడు. మా దగ్గర 5 లీటర్ల అల్యూమినియం కుక్కర్ ఉంది, గ్యాస్కెట్ పోయిన నెలే మార్చాం. నా ప్రశ్నలు మూడే: నూనె ఎంత పోయాలి, ఎన్ని కూతలు రావాలి, వెయిట్ పెట్టాలా తీసేయాలా? మా అమ్మ అయితే కుక్కర్ అటక మీద దాచేసి తాళం చెవి బొడ్లో దోపుకుంది, ఆవిణ్ణి ఒప్పించే సమాధానం ఎవరైనా చెబితే పుణ్యం ఉంటుంది.

వంటింటి కుందేలు:

మీ అమ్మగారికి నా తరఫున ఒక దండం పెట్టండి. తాళం చెవి అడగొద్దు.

నూనె ఎంత, కూతలు ఎన్ని అన్న ప్రశ్నే లేదండి. మన ఇళ్లలో ఉండే కుక్కర్‌లో నూనె పోసి మూత బిగించకూడదు. కుక్కర్ కొన్నప్పుడు డబ్బాలో ఒక చిన్న పుస్తకం వస్తుంది, మనమెవరం చదవం, వారంటీ కార్డు చింపుకుని అవతల పడేస్తాం. మా ఇంట్లో దాన్ని వెతికి తీసి చూశాను, మూత పెట్టి నూనెలో వేయించొద్దని అందులో స్పష్టంగా రాసి ఉంది. మీ పుస్తకం కూడా ఒకసారి తీసి చూడండి.

అమీర్‌పేట పాతకాపు:

అన్నా, నీ ప్రశ్న చూడగానే నా కుడి చెయ్యి దురద పెట్టింది. నిజంగా. కథ చెప్తా, కాస్త పొడుగు.

2011లో అమీర్‌పేటలో నలుగురం ఒక గదిలో ఉండేవాళ్లం, కోచింగ్ రోజులు. మూడు లీటర్ల కుక్కర్, రెండు బర్నర్ల పొయ్యి, ఇంటి ఓనరు ఆంటీ పక్క పోర్షన్లోనే. మాలో ఒకడికి ఎక్కడో చదివిన జ్ఞానం, ప్రెషర్‌లో వేయిస్తే చికెన్ పది నిమిషాల్లో అయిపోతుందని. లీటరు నూనె పోశాం. ఆరు ముక్కలు వేశాం. మూత పెట్టాం. పక్క బర్నర్ మీద సిమ్‌లో అన్నం ఉడుకుతోంది.

మొదటి కూత వచ్చినప్పుడే తేడా తెలిసింది. మామూలుగా తెల్లటి ఆవిరి వస్తుంది కదా, ఇది గోధుమ రంగు పొగలా వచ్చింది, నూనె వాసన గుప్పుమంది, వెయిట్ చుట్టూ సన్నటి తుంపర. భయపడి స్టవ్ ఆపేశాం. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. ముక్కలు మాడిపోతాయేమోనని ఆ జ్ఞాని గాడు ఫోర్క్‌తో వెయిట్ పైకి లేపాడు. ఆవిరితో పాటు కాగిన నూనె పిచికారీ కొట్టినట్టు పైకి లేచింది. గిన్నె కదలకుండా పట్టుకున్నది నేను, కాబట్టి మోచేతి దాకా నాకే. చప్పుడు ఆగిపోయింది, ప్రెషర్ అంతా పోయిందనుకుని వాడు మూత తీశాడు. పాలు పొంగడం చూశావు కదా, నూనె అట్లా పొంగింది అన్నా. నురుగు నురుగుగా గిన్నె అంచు దాటి పొయ్యి మీద పడింది, పక్క బర్నర్ మంట అందుకుంది.

ఒకడు బకెట్లో నీళ్లు పట్టుకొచ్చాడు. అది పోసి ఉంటే ఇవాళ నేను ఈ సమాధానం రాసేవాణ్ణి కాదు. కేకలు విని వచ్చిన ఆంటీ "నీళ్లు పోస్తే చంపేస్తా" అని అరిచి, సిలిండర్ నాబ్ కట్టేసి, మేము చపాతీలు చేసుకునే పెద్ద ఇనుప పెనం బోర్లించి మంట మీద మూసేసింది. మంట దానంతట అదే చచ్చిపోయింది. ఆ తర్వాత నన్ను కుళాయి కింద ఇరవై నిమిషాలు నిలబెట్టింది, పేస్టు రాయబోయిన వాడికి రెండు తగిలించింది. గది ఖాళీ చేసినప్పుడు సీలింగ్ మీద మరకకి అడ్వాన్సులో సున్నాల ఖర్చు కోసుకుంది, అందులో ఆమె తప్పేం లేదు. చేతి మీద అరచెయ్యంత మేర చర్మం ఇప్పటికీ వేరే రంగే.

చికెన్ సంగతి అడగలేదు నువ్వు. లోపల పచ్చిగానే ఉంది.

కాకినాడ కాజా:

అమ్మో. చదువుతుంటేనే ఒళ్లు జలదరించింది అన్నా. కానీ ఒక సందేహం, తప్పుగా అనుకోకండి. ఆ వీడియోకి లక్షల్లో వ్యూస్ ఉన్నాయి, కింద కామెంట్లలో చాలామంది చేశాం, బాగా వచ్చింది అంటున్నారు. మరి షాపుల్లో ప్రెషర్‌లో చేస్తారన్నది అబద్ధమా? నిజమైతే వాళ్లకి లేని ప్రమాదం మనకెందుకు?

పాత ఫ్రయ్యర్:

ఇది నేను చెప్పాల్సిన విషయం. డిగ్రీ అయ్యాక రెండేళ్లు హైదరాబాద్‌లో ఒక ఫ్రైడ్ చికెన్ అవుట్‌లెట్ కిచెన్‌లో పనిచేశాను, పేరు వద్దు. షాపుల్లో ప్రెషర్‌లో చేస్తారన్నది నిజమే. కానీ సగం నిజం. ఆ మిగతా సగంలోనే మీక్కావాల్సిన జవాబు ఉంది, చివర్లో చెప్తా.

ముందు ఈ ప్రెషర్ గొడవ ఎక్కణ్ణుంచి వచ్చిందో. అమెరికాలో కెంటకీ రాష్ట్రం, కార్బిన్ అనే ఊళ్లో కర్నల్ శాండర్స్ హోటల్ నడిపేవాడు, కేఎఫ్‌సీ బొమ్మ మీద తెల్లగడ్డం పెద్దాయనే. పెనం మీద చికెన్ వేయించాలంటే అరగంట పట్టేది, గిరాకీ ఆగేది కాదు. ముందే వేయించి పెడితే రుచి పోయేది. 1939లో ఆయన ప్రెషర్ కుక్కర్‌ని మార్పులు చేసి నూనెతో వాడటం మొదలుపెట్టాడు. అంటే మొదటి ప్రయోగం పొయ్యి మీద పెట్టే కుక్కర్‌తోనే జరిగింది, ఆ మాట వాస్తవం. కానీ ఈ పని కోసమే తయారైన మెషిన్లు తర్వాత వచ్చాయి. 1957లో ఒహాయో రాష్ట్రంలో హెన్నీ పెన్నీ అనే కంపెనీ హోటళ్ల కోసం ప్రెషర్ ఫ్రయ్యర్ తెచ్చింది. ఆ రకం మెషిన్లే ఇప్పటికీ నడుస్తున్నాయి.

నేను వాడిన మెషిన్ ఎట్లా ఉంటుందంటే, నడుము ఎత్తు స్టీలు పెట్టె, పైన బరువైన మూత, దాన్ని అడ్డంగా తిప్పి బిగించే లాక్. లోపల ప్రెషర్ ఉన్నంతసేపూ ఆ మూత ఎవడు గుంజినా రాదు. టైమర్ అయిపోగానే ఆవిరిని మెషినే వెనక గొట్టం గుండా బయటికి పంపిస్తుంది, మన ముఖం మీదకి కాదు. నూనె వేడి ఎంత ఉండాలో థర్మోస్టాట్ చూసుకుంటుంది, రాలిన పిండి మాడకుండా అడుగున చల్లటి భాగం వేరే ఉంటుంది. ఇన్ని ఉండి కూడా ట్రైనింగ్ పూర్తయ్యే వరకు మమ్మల్ని దాని మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఇక మన కుక్కర్. అది నీళ్ల కోసం పుట్టింది. వెయిట్ లేచే ప్రెషర్ దగ్గర లోపల నీళ్లు దాదాపు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, నీళ్లు ఉన్నంతసేపూ అంతకు మించి పెద్దగా వేడెక్కదు. గ్యాస్కెట్ గానీ, సేఫ్టీ వాల్వ్‌లో వేడికి కరిగే ఆ చిన్న లోహపు ముక్క గానీ, అన్నీ ఆ లెక్కన చేసినవే. నూనె అలా కాదు. చికెన్ వేయించాలంటే 160, 170 డిగ్రీలు కావాలి, ఇంకాస్త మంట పెడితే 200 కూడా దాటేస్తుంది, దాన్ని ఆపేది ఏదీ లేదు. ఆ వేడికి రబ్బరు సాగి కారితే కారేది కింద మంట మీదకి. వాల్వ్ కరిగితే చిమ్మేది సలసల కాగే నూనె. అమీర్‌పేట బ్రో నూనె ఎందుకు పొంగిందంటే, ప్రెషర్ ఉన్నప్పుడు ముక్కల్లోని నీరు 100 దాటినా మరగకుండా ఆగి ఉంటుంది, మూత తీసేసరికి ఆ నీరంతా ఒక్కసారే ఆవిరవుతుంది. నీటి చుక్క ఆవిరైతే 1600 రెట్లకు పైగా పెరుగుతుంది. నూనె అడుగున అది జరిగితే పొంగక ఏం చేస్తుంది?

బాగా వచ్చిందని కామెంట్ పెట్టినవాళ్లు అబద్ధం చెప్పారని నేననను. రాంగ్ రూట్లో వెళ్లినవాళ్లందరూ లారీ కింద పడరు కదా.

ఇప్పుడు ఆ మిగతా సగం. ప్రెషర్ వల్ల వచ్చేది కరకర కాదు బాస్! ప్రెషర్‌లో ముక్కలోని నీరు తక్కువగా ఆవిరవుతుంది కాబట్టి లోపల మెత్తగా, రసం కారేలా ఉంటుంది, త్వరగా ఉడుకుతుంది, అంతే. పైపొర మాత్రం పలచగా, కొంచెం మెత్తగానే వస్తుంది. మన పిల్లలు బకెట్లో ఏరుకుని తినే ఆ గరుగ్గా, పొలుసులు లేచిన కరకరలాడే ముక్క ఉంది చూశారా, మా కిచెన్‌లో దాన్ని మూత లేని ఫ్రయ్యర్‌లోనే వేయించేవాళ్లం. ప్రెషర్ ఫ్రయ్యర్‌లో వేసేది ఇంకో రకం. అంటే మీకు కావాల్సిన చికెన్‌కి మీ కుక్కర్ మూతతో పనే లేదు.

కాకినాడ కాజా:

ఇదేదో ముందే చెప్పి ఉంటే మా అమ్మతో మూడు రోజులు మాటలు లేకుండా ఉండేవాణ్ణి కాదు కదా! మరి నా పిండి ఎందుకు జారిపోయింది? మైదా, గుడ్డు, బ్రెడ్ పొడి, వీడియోలో చెప్పినట్టే చేశాను. ఇంకోటి, గ్యాస్కెట్ తీసేసి మూత ఊరికే పైన పెడితే? కేకులకి అలాగే చేస్తారు కదా.

పాత ఫ్రయ్యర్:

కేకు కుక్కర్‌లో నూనె ఉండదు, అదీ తేడా. వేయించేటప్పుడు ఊరికే మూత పెట్టినా ఆవిరి మూతకి పట్టి, చుక్కలు చుక్కలుగా కాగే నూనెలో పడి చిటపటలాడతాయి, పైగా ఆవిరి తిరిగి ముక్కకే పట్టి పైపొర మెత్తబడుతుంది. మూత మర్చిపోండి.

పిండి విషయం. బ్రెడ్ పొడి కట్లెట్లకి బాగుంటుంది. దీనికి వద్దు. నేను రోజుకి కొన్ని వందల ముక్కలు పట్టించినవాణ్ణి, చేతులు ఎలా కదలాలో చెప్తా.

కొట్లో విత్ స్కిన్ అడగండి. కిలో లోపు చిన్న కోడి అయితే మంచిది, ఎనిమిది ముక్కలు కొట్టించండి. స్కిన్‌లెస్ అయినా చేయొచ్చు కానీ తోలు మీద పిండి పట్టే తీరే వేరు. లీటరు నీళ్లలో 50 గ్రాముల ఉప్పు కలిపి, రెండు చెంచాల కారం, దంచిన వెల్లుల్లి వేసి ముక్కలు మునిగేలా ఫ్రిజ్‌లో నాలుగు గంటలు ఉంచండి. ప్రెషర్ ఫ్రయ్యర్ ఇచ్చే ఆ రసం మనకి ఈ ఉప్పు నీళ్లు ఇస్తాయి. ఉప్పు పట్టిన మాంసం వేడికి నీరు అంత తేలిగ్గా వదలదు. ఈ నీళ్ల బదులు పుల్ల మజ్జిగ వాడినా సరే, అప్పుడు పైపొర ఇంకా ఎర్రగా వస్తుంది.

పిండికి రెండు కప్పుల మైదా, అర కప్పు కార్న్‌ఫ్లోర్, అర చెంచా బేకింగ్ పౌడర్, చెంచా మిరియాల పొడి, చెంచా కారం, చిటికెడు ఉప్పు (ముక్కల్లో ఆల్రెడీ ఉంది, గుర్తుంచుకోండి). వెడల్పు బేసిన్‌లో పోయండి, ప్లేట్లో చాలదు. నీళ్లలోంచి తీసిన ముక్కని విదిల్చి పిండిలో వేసి, కింది నుంచి పిండి ఎత్తి ముక్క మీద కప్పి అరచేత్తో నొక్కాలి. పిసక్కూడదు. నొక్కడం, తిప్పడం, మళ్లీ కప్పడం, ఓ ఏడెనిమిది సార్లు. తర్వాత దాన్ని చిల్లుల గిన్నెలో పెట్టి చల్లటి నీళ్లలో ముంచి, ఐదు లెక్కపెట్టేలోపు తీసేయాలి. చూస్తే పిండంతా జిగురుగా అసహ్యంగా ఉంటుంది, కంగారు పడకండి. మళ్లీ పొడి పిండిలో వేసి ఈసారి వేళ్లు వదులుగా పెట్టి దొర్లిస్తూ ఉంటే ఆ జిగురుకి పొడి పిండి అంటుకుని చేప పొలుసుల్లా లేస్తుంది. అదే మీ కరకర. ఆ పొలుసులు కనపడితేనే నూనె వైపు వెళ్లండి, లేకపోతే ఇంకో నాలుగుసార్లు దొర్లించండి. పట్టించాక పది నిమిషాలు ప్లేట్లో వదిలేస్తే పిండి తడిని పీల్చుకుని కరుచుకుంటుంది, జారదు. మీరు పట్టించగానే నూనెలో వేసేశారని నా అనుమానం.

నూనె 170 డిగ్రీలు. ముక్కలు వేయగానే 150కి పడిపోతుంది, ఆందోళన వద్దు, మంట సర్దుకుని ఆ 150, 160 మధ్యే పెట్టండి. తొడ ముక్కలకి 12 నుంచి 14 నిమిషాలు. ఒకసారికి మూడు నాలుగు ముక్కలే. వేసిన మొదటి రెండు నిమిషాలు గరిటె పెట్టి కెలకడం మానేయండి, సగం పిండి ఊడేది అక్కడే.

జిద్దా టు జగిత్యాల:

మంచి ముచ్చట నడుస్తోంది. నేను పదకొండేళ్లు జిద్దాలో ఉన్న, కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్ పోయిన ఎవరినైనా అడగండి, బ్రోస్ట్ అంటే కళ్లు మెరుస్తాయి. ఈ ప్రెషర్ చికెన్‌నే అక్కడ బ్రోస్ట్ అంటారు. అమెరికాలో బ్రోస్టర్ అనే మెషిన్ కంపెనీ ఉంది, ఆ పేరు నుంచే ఈ మాట వచ్చింది. జిద్దాలో 1974లో మొదలైన అల్ బైక్ ముందు జీతం రోజు నిలబడితే లైన్ రోడ్డు దాకా ఉండేది. హజ్, ఉమ్రాకి పోయొచ్చిన మన హైదరాబాదీలు కూడా దాని గురించే చెప్తుంటారు.

పాత ఫ్రయ్యర్ అన్న చెప్పింది కరెక్ట్, బ్రోస్ట్ పైపొర కరకర కంటే పలచటి అప్పడంలా ఉంటుంది, మజా అంతా లోపల. ఇండియాకి వచ్చాక ఇంట్లో కుక్కర్‌లో చేద్దామని నాకూ మనసు లాగింది, మా వదిన ఒప్పుకోలేదు. ఇప్పుడు ఈ కథలు చదివాక వదినకి ఒక చీర కొనిపెట్టాలనిపిస్తోంది.

పిల్లలకి చేస్తున్నారు కాబట్టి ఒక్క మాట. అక్కడ బ్రోస్ట్‌తో తెల్లటి వెల్లుల్లి సాస్ ఇస్తారు, తూమ్ అంటారు. పది వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు ఉప్పు మిక్సీ చిన్న జార్‌లో మెత్తగా తిప్పి, కప్పు రిఫైన్డ్ నూనెని సన్న ధారగా పోస్తూ మధ్య మధ్యలో నిమ్మరసం వేస్తుంటే వెన్నలా తెల్లగా తేలుతుంది. ఒక్కసారే నూనె గుమ్మరిస్తే విరిగిపోతుంది, నాకు మూడోసారికి వచ్చింది. కెచప్ అడగరు ఇక.

బాపట్ల పెద్దమ్మ:

మగవాళ్లంతా కలిసి కుక్కర్‌ని దెయ్యాన్ని చేసేశారు. కాజా బాబూ, కుక్కర్ వాడుకోవాలంటే దాని పని దానికి ఇవ్వు, నూనె పని మూకుడుకి ఇవ్వు.

నేను మనవలకి చేసే పద్ధతి చెప్తాను. ముక్కలకి ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి, రెండు చెంచాల పెరుగు పట్టించి గంట ఉంచుతాను. కుక్కర్ అడుగున గ్లాసు నీళ్లు పోసి, ఇడ్లీ కుక్కర్ స్టాండు మీద చిల్లుల పళ్లెం పెట్టి ముక్కలు పేర్చి, ఒక్క కూత. ఒక్కటే! ఆవిరి దానంతట అదే పోయాక మూత తీసి, ముక్కలు ఫ్యాను కింద ఆరబెడతాను, చేత్తో తాకితే తడి అంటకూడదు. ఆ అడుగున మిగిలిన నీళ్లు పారబోయకు, రసంలో పోసుకో. ఆ తర్వాత పిండి పట్టించి బాగా కాగిన నూనెలో మూడు నాలుగు నిమిషాలు వేయిస్తే చాలు, లోపల ఎప్పుడో ఉడికిపోయింది కాబట్టి ఎముక దగ్గర ఎరుపు అన్న బెంగే ఉండదు. పిల్లలకి పెట్టేటప్పుడు ఆ బెంగ లేకపోవడమే నాకు ముఖ్యం.

పాత ఫ్రయ్యర్:

పెద్దమ్మ గారూ, గౌరవంగానే ఒక మాట విభేదిస్తాను. ఉడికించి వేయిస్తే రొమ్ము ముక్క పీచుపీచుగా అవుతుంది, రెండుసార్లు ఉడికినట్టు లెక్క. పైగా రసం అంతా అడుగు నీళ్లలోకే పోతుంది, మీరే రసంలో పోసుకోమన్నారు కదా. పచ్చి ముక్కనే సన్న మంట మీద 13 నిమిషాలు వేయిస్తే ఆ రుచి వేరు. ఉడికిందో లేదో తేలాలంటే వంట థర్మామీటర్ కొనుక్కుంటే సరి, ఆన్‌లైన్‌లో కొన్ని వందల్లో వస్తుంది, ఎముక పక్కన గుచ్చితే 74 డిగ్రీలు దాటితే క్షేమం. తొడ, కాలు అయితే నేను 80 దాటే దాకా ఉంచుతాను, అప్పుడే ఎముక నుంచి తేలిగ్గా ఊడుతుంది.

బాపట్ల పెద్దమ్మ:

రొమ్ము ముక్క సంగతి ఒప్పుకుంటా నాయనా, అది నేను కూరకి తీసేస్తాను, వేపుడుకి కాళ్లు తొడలే. థర్మామీటర్ నాకెందుకు, జ్వరం వచ్చిందా కోడికి? మొదటిసారి చేసేవాడికి నా పద్ధతి, చెయ్యి తిరిగాక నీ పద్ధతి. సరేనా.

పాత ఫ్రయ్యర్:

సరేనండి, ఓడిపోయాను.

కాకినాడ కాజా:

ఆదివారం రిపోర్ట్.

తాళం చెవి వచ్చింది. అమ్మకి ఈ సమాధానాలన్నీ చదివి వినిపించాను, అమీర్‌పేట అన్న కథ దగ్గర రెండుసార్లు ఆపి మళ్లీ చదివించుకుంది. పెద్దమ్మ గారు చెప్పిన ఒక్క కూత అవ్వగానే మూత, గ్యాస్కెట్, వెయిట్ మూడూ మళ్లీ అటకెక్కాయి, కుక్కర్ గిన్నె మాత్రం నూనె కోసం కిందే ఉండిపోయింది. ఎందుకంటే ఆ గిన్నె లోతుగా ఉంటుంది కదా, మూడో వంతు వరకే నూనె పోస్తే చిట్లినా అంచు దాటదు, మూకుడు కంటే నయం అనిపించింది.

పెద్దమ్మ గారి పద్ధతిలో నాలుగు తొడ ముక్కలు, పాత ఫ్రయ్యర్ పద్ధతిలో నాలుగు. తోలుతో కావాలంటే కొట్టువాడు వింతగా చూశాడు, "కుక్కకా సార్" అన్నాడు. ఉప్పు నీళ్లలో పొద్దున్నే వేశాను. పిండి దగ్గర పొలుసులు మొదట్లో రాలేదు, నేను మళ్లీ పిసుకుతున్నానని మా ఆవిడ పట్టుకుంది. నీళ్లలో ముంచి రెండోసారి దొర్లించాక ఒక్కసారిగా లేచాయి, బేసిన్‌లో ముక్క గరుకు రాయిలా తయారైంది, పిల్లలిద్దరూ వచ్చి చూసి వెళ్లారు.

మొదటి వాయి మాడింది. నిజం చెప్పాలి కదా. థర్మామీటర్ ఇంకా రాలేదు, నూనె ఎక్కువ కాగిపోయింది, మూడు నిమిషాలకే చాక్లెట్ రంగు. రెండో వాయికి పిండి చుక్క వేసి చూశాను, పునుగులకి కాచే నూనె కన్నా కాస్త తక్కువ వేడి, చుక్క మునిగి నెమ్మదిగా బుడగలతో తేలింది. గడియారం పెట్టుకుని 13 నిమిషాలు నిలబడ్డాను, మొదట్లో సలసల చప్పుడు గట్టిగా ఉండి చివరికి సన్నగిల్లింది. పెద్ద ముక్కని ఎముక దాకా కోసి చూశాను, ఎరుపు లేదు. టిష్యూ మీద కాకుండా ఓవెన్ జల్లెడ మీద పెట్టాను, అడుగు కూడా మెత్తబడలేదు.

తీర్పు: పెద్దమ్మ గారి ముక్క భయం లేకుండా మొదటిసారే కుదిరింది, పైన బాగా కరకర, లోపల కాస్త గట్టి. పాత ఫ్రయ్యర్ ముక్క కొరికితే చిన్నదాని గడ్డం మీద రసం కారింది. అది తిని ఏమీ అనలేదు, రెండోది తీసుకుంది. కోడి పకోడీ అన్న మాట మళ్లీ రాలేదు. తూమ్ విరిగిపోయింది, జిద్దా అన్నా, కెచప్పే దిక్కయింది.

ఒక్కటే మిగిలింది. లీటరున్నర నూనె మిగిలి ఉంది, అడుగున పిండి అంతా నల్లగా. మళ్లీ వాడొచ్చా, పారబోయాలా?

వంటింటి కుందేలు:

బాగా చల్లారనివ్వండి, వేడి మీద ప్లాస్టిక్ సీసాలో పోయకండి. రెండు మడతల గుడ్డలో వడకట్టి, ఆ నల్లటి మడ్డి పారేసి, గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వచ్చే ఆదివారం చికెన్‌కే ఇంకోసారి వాడొచ్చు. నురుగు వచ్చినా, జిడ్డు వాసన వచ్చినా ఇక వద్దు. సింకులో మాత్రం పోయకండి, గొట్టం బ్లాక్ అవుతుంది. పూరీలకి వాడొద్దు, కోడి వాసన వస్తుంది.

అమీర్‌పేట పాతకాపు:

అన్నా, ఆ కొట్టువాడికి ఏం చెప్పావో అది రాయలేదు.

కాకినాడ కాజా:

"అవును, రెండున్నాయి ఇంట్లో" అన్నాను. అర కిలో మెడ ముక్కలు ఫ్రీగా ఇచ్చాడు.